వాల్యూం పెంచితే సెట్టు ఆగిపోతోందా?

యాంప్లిఫయరు చెడలేదు, తనను తాను కాపాడుకుంటోంది: లోపం ముందుగా బాక్సుల లెక్కలో, వైర్లలో వెతకాలి

అరకులోయ: పెళ్లి పందిట్లో పాట మంచి ఊపు మీద ఉంటుంది. కుర్రకారు కోరిక మీద వాల్యూం మరి కాస్త పెంచుతారు. టక్కుమని చిన్న చప్పుడు, ఆ వెంటనే నిశ్శబ్దం. సెట్టు ముందు భాగంలో ఎర్ర దీపం మినుకుమంటుంది, లేదా 'ప్రొటెక్ట్' అన్న మాట కనిపిస్తుంది. స్విచ్చి ఆపి మళ్లీ వేస్తే పాడుతుంది. వాల్యూం పెంచితే మళ్లీ ఆగిపోతుంది.

మన్యం గ్రామాలలో ఇవాళ హోం థియేటర్ సెట్టు కొత్త వస్తువు కాదు. కాఫీ, మిరియాల డబ్బు చేతికి వచ్చిన రోజులలో కొన్న సెట్టే ఇంట్లో సినిమాకు, ఊళ్లో పెళ్లికి, ఇటుకల పండుగకు, వినాయక చవితి పందిరికి, చర్చిలో ప్రార్థనకు కూడా పనికి వస్తుంది. ఇంటి గది కోసం చేసిన సెట్టును ఊరందరికీ వినిపించాలని చూసినప్పుడే ఈ చిక్కు మొదలవుతుంది.

సెట్టు చెడిపోయిందనుకుని విశాఖపట్నం మోసుకుపోతే ఘాటు దారిలో నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం. పోయిన రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీలు అదనం. అక్కడ షాపువారు బల్ల మీద ఒక బాక్సు తగిలించి చూస్తే సెట్టు చక్కగా పాడుతుంది. ఊరికి తెచ్చి తగిలిస్తే మళ్లీ అదే తంతు. దీనిని బట్టే గ్రహించవలసిన విషయం ఒకటుంది. షాపులో పాడిన సెట్టు ఊళ్లో ఆగిందంటే, షాపులో లేనిదేదో ఊళ్లో ఉన్నదన్నమాట. అది ఎక్కువ బాక్సులు కావచ్చు, పాత వైరు కావచ్చు, తక్కువ వోల్టేజి కావచ్చు. వాటిని ఇంటి దగ్గరే కనిపెట్టవచ్చు.

ఎందుకు ఆగుతుంది?

యాంప్లిఫయరు లోపల ఒక కాపలా ఏర్పాటు ఉంటుంది. స్పీకర్లకు పోయే కరెంటు హద్దు మీరినా, లోపలి ట్రాన్సిస్టర్లు లేక ఐ.సి.లు బాగా వేడెక్కినా, స్పీకరుకు పోకూడని డి.సి. కరెంటు పోబోయినా అది పాటను ఆపేస్తుంది. టక్కుమనే చప్పుడు చాలా సెట్లలో ఆ ఏర్పాటులోని రిలేదే. ఇలా ఆగడం రోగం కాదు, రోగం ఉందని చెప్పే జ్వరం లాంటిది.

కొండ ఊట నుంచి పైపు ద్వారా ఊళ్లోకి వచ్చే నీళ్లతో దీనిని పోల్చవచ్చు. వాల్యూం పెంచడమంటే ఊట దగ్గర తొట్టిని ఇంకా ఎత్తులో పెట్టడం. బాక్సులు కలపడమంటే కింద కుళాయిలు పెంచడం. తొట్టి ఎత్తు తక్కువగా ఉన్నప్పుడు ఎన్ని కుళాయిలు తిప్పినా పైపు తట్టుకుంటుంది. ఎత్తు పెంచి, కుళాయిలన్నీ ఒకేసారి తెరిస్తే పైపు మీద భారం పడుతుంది. తక్కువ వాల్యూంలో పాడే సెట్టు ఎక్కువ వాల్యూంలో ఆగడానికి కారణం ఇదే.

నాలుగు బాక్సులు, రెండు ఓమ్‌లు

ప్రతి స్పీకరు వెనుక 4 ఓమ్‌లు, 6 ఓమ్‌లు, 8 ఓమ్‌లు అని రాసి ఉంటుంది. కరెంటుకు అది ఇచ్చే అడ్డు అంత. యాంప్లిఫయరు వెనుక కూడా ఎన్ని ఓమ్‌ల కంటే తగ్గకూడదో రాసి ఉంటుంది. ఈ రెండు అంకెలను కలిపి చూడకపోవడమే చాలా చోట్ల చిక్కుకు మూలం.

8 ఓమ్‌ల బాక్సులు రెండు ఒకే చోట, ప్లస్సుకు ప్లస్సు, మైనసుకు మైనసు కలిపితే అడ్డు 16 ఓమ్‌లు కాదు, 4 ఓమ్‌లకు పడిపోతుంది. అలాగే నాలుగు కలిపితే 2 ఓమ్‌లే మిగులుతుంది. ఒక 8 ఓమ్‌ల బాక్సు 100 వాట్లతో పాడాలంటే సెట్టు దాదాపు 28 వోల్టులు పంపాలి, అప్పుడు పోయే కరెంటు 3.5 ఆంపియర్లు. మీట అక్కడే ఉంచి రెండు బాక్సులు కలిపితే 7 ఆంపియర్లు, నాలుగు కలిపితే 14 ఆంపియర్లు లాగుతాయి. అంత కరెంటు ఇచ్చే శక్తి ఇళ్లలో వాడే సెట్లకు ఉండదు. అదే మీట తగ్గించి 3 వోల్టులు మాత్రమే పంపినప్పుడు నాలుగు బాక్సులు కలిసినా 1.5 ఆంపియర్లే లాగుతాయి. అందుకే మెల్లగా పాడినంతసేపు లోపం బయటపడదు.

పొరుగింటి నుంచి తెచ్చిన పాత బాక్సులను హోం థియేటర్ సెట్టులో ఉన్న బాక్సుల తీగలకే ముడివేయడం చాలా మందికి అలవాటు. వాటిలో చిన్న బాక్సులు సాధారణంగా 3 లేక 4 ఓమ్‌లవే. వాటి పక్కన ఇంకొకటి చేరితే అడ్డు 2 ఓమ్‌ల దగ్గరకు దిగజారుతుంది.

నాలుగు బాక్సులు తప్పనిసరి అయితే మార్గం ఉంది. ఒకే రకం 8 ఓమ్‌ల బాక్సులు రెండింటిని వరుసగా, అంటే మొదటి దాని మైనసు నుంచి రెండవ దాని ప్లస్సుకు తీగ వేసి కలిపితే 16 ఓమ్‌లు అవుతుంది. అలాంటి జంటలు రెండింటిని పక్కపక్కన కలిపితే మళ్లీ 8 ఓమ్‌లకు వస్తుంది. సెట్టుకు ఒక్క బాక్సు ఉన్నట్టే ఉంటుంది. శబ్దం మాత్రం నాలుగు చోట్ల వినిపిస్తుంది.

ఆగిన తీరే ఆచూకీ

సెట్టు ఎప్పుడు, ఎలా ఆగిందో గమనించి గుర్తు పెట్టుకుంటే సగం పని అయినట్టే.

డప్పు దెబ్బ, బేస్ దెబ్బ పడిన క్షణంలోనే ఆగితే అది ఎక్కువ కరెంటు వల్ల. బాక్సుల లెక్క, వైర్ల షార్టు చూడాలి.

పదిహేను, ఇరవై నిమిషాలు గట్టిగా పాడి ఆగిపోయి, చల్లారిన తరువాత మళ్లీ పాడితే అది వేడి వల్ల. సెట్టుకు గాలి ఆడుతున్నదా లేదా చూడాలి.

పగలు బాగా పాడి, సాయంత్రం ఇళ్లన్నీ దీపాలు వేసిన తరువాత ఆగుతుంటే వోల్టేజిని అనుమానించాలి. బేస్ దెబ్బ పడినప్పుడల్లా గదిలో బల్బు మసకబారడం దీనికి గుర్తు.

బాక్సులన్నీ తీసేసినా ఆగుతుంటే లోపం సెట్టు లోపలే ఉంది. అప్పుడు మెకానిక్కు దగ్గరకు తీసుకుపోక తప్పదు.

వరుసగా చూడవలసినవి

మొదట స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, అరగంట చల్లారనివ్వాలి. తరువాత స్పీకరు వైర్లు అన్నీ ఊడదీయాలి. వైరు చివర వెంట్రుక వంటి రాగి పోగు ఒకటి విడిపోయి పక్క టెర్మినల్‌కు తగులుతున్నదేమో వెలుతురులో చూడాలి. ఎక్కువ చోట్ల దొరికే దొంగ ఇదే. చివరలు గట్టిగా మెలివేసి, అవసరమైనంత మేరకే తొడుగు ఒలిచి బిగించాలి.

బాక్సులు లేకుండా సెట్టు వేసి వాల్యూం పెంచి చూడాలి. ఆగకపోతే సెట్టు చాలావరకు నిర్దోషి. (వాల్వులతో పనిచేసే బాగా పాత యాంప్లిఫయర్లను మాత్రం స్పీకరు లేకుండా నడపకూడదు. వాటికి అది హాని.) తరువాత ప్రతిసారీ సెట్టు ఆపి, ఒక్కొక్క బాక్సు చొప్పున తగిలించి, అదే పాటను అదే వాల్యూంలో పెట్టి చూడాలి. ఏ బాక్సు తగిలించినప్పుడు ఆగిందో ఆ బాక్సులోనో, దాని వైరులోనో లోపం ఉన్నట్టు. వైరు మార్చి చూస్తే రెండింటిలో ఏదో తేలిపోతుంది.

మల్టీమీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. వైరు ఊడదీసిన స్పీకరు మీద ఓమ్‌ల మీటలో పెట్టి చూస్తే 8 ఓమ్‌ల స్పీకరు దాదాపు 6 నుంచి 7 వరకు చూపుతుంది. 4 ఓమ్‌లది 3 పైచిలుకు చూపుతుంది. ఇది లోపం కాదు, మీటరు కొలిచే తీరు అంతే. సున్నా దగ్గర చూపితే కాయిల్ షార్టు అయింది. అసలేమీ చూపకపోతే కాయిల్ తెగింది.

కొన్ని స్పీకర్లు మెల్లగా పాడినప్పుడు బాగుంటాయి, గట్టిగా పాడినప్పుడే షార్టు అవుతాయి. లోపలి కాయిల్ ఒకసారి కాలి, వంకరపోయి, కాగితం శంకువు ముందుకు వెనుకకు ఎక్కువగా కదిలినప్పుడు ఇనుముకు రాసుకోవడం దీనికి కారణం. శంకువును రెండు చేతుల వేళ్లతో సమానంగా, మెత్తగా లోపలికి నొక్కితే గరగరమన్న రాపిడి చేతికి తెలుస్తుంది. అలా నొక్కి పట్టి ఉంచి మీటరు చూస్తే అంకె మారిపోతుంది కూడా. ఆ స్పీకరును పక్కన పెట్టాలి.

చివరగా పాట వచ్చే వైపు చూడాలి. సెల్‌ఫోను మార్చి, వైరు మార్చి మరొకసారి పరీక్షించాలి. బేస్ మీటను మధ్యకు తేవాలి. బేస్ పూర్తిగా తిప్పితే 10 డెసిబెల్స్ పెంచే సెట్లు ఉన్నాయి. 10 డెసిబెల్స్ అంటే యాంప్లిఫయరు 10 రెట్ల శక్తి ఇవ్వాలన్నమాట. బేస్ తగ్గించగానే ఆగడం మానిన సెట్టుకు ఇంకే మరమ్మతూ అక్కరలేదు.

కరెంటు సంగతి

ఈ కొండల నీటితోనే మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. అయినా ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా, లైను చివర ఉన్న ఇంటికి కరెంటు చేరేసరికి వోల్టేజి నీరసించడం ఉంటుంది. ఇంటికి రావలసింది 230 వోల్టులు. ఇప్పటి సెట్లలో చాలా వాటికి ఎస్.ఎం.పి.ఎస్. అనే సరఫరా ఏర్పాటు ఉంటుంది. వోల్టేజి తగ్గినకొద్దీ అది అదే పనికి ఎక్కువ కరెంటు లాగుతుంది. హద్దు దాటితే సెట్టును ఆపేస్తుంది.

లోపం అన్నిసార్లూ లైనుదే కాదు. ఇంటి నుంచి పందిరికి లాగిన వైరుదీ కావచ్చు. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు 50 మీటర్లు లాగితే, పోను రాను తీగ 100 మీటర్లు అవుతుంది. దాని అడ్డు దాదాపు 1.7 ఓమ్‌లు. 5 ఆంపియర్లు లాగితే 8, 9 వోల్టులు ఆ తీగలోనే ఖర్చవుతాయి. సంతలో చవకగా దొరికే సన్న తీగ ఎక్స్‌టెన్షన్ బాక్సుల సంగతి ఇంకా అధ్వాన్నం. అదే బాక్సుకు సీరియల్ సెట్లు, ఫ్యాను కూడా తగిలిస్తే చెప్పనక్కరలేదు. సెట్టుకు వేరే ప్లగ్గు పాయింటు నుంచి, లావు వైరుతో కరెంటు ఇవ్వాలి. పాట గట్టిగా నడుస్తున్నప్పుడు ప్లగ్గు వేడెక్కుతుంటే అక్కడ బిగువు లేదన్నమాట.

వోల్టేజిని కొలవడం తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. పాట ఆపినప్పుడు ఎంత, గట్టిగా నడుస్తున్నప్పుడు ఎంత అన్న రెండు అంకెలూ రాసుకోవాలి. ఇంటి వైరింగు బాగుండి కూడా వోల్టేజి రోజూ తక్కువగా ఉంటే 1912 నంబరుకు ఫోను చేసి విద్యుత్ శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. చెప్పడానికి అంకెలు ఉంటే ఫిర్యాదుకు బలం ఉంటుంది.

మంచు, దుమ్ము, జీపు ప్రయాణం

మైదానంలో లేని ఇబ్బందులు కొన్ని కొండ మీద ఉన్నాయి. మార్గశిర, పుష్య మాసాలలో రాత్రంతా మంచులో, జీపు పైన చల్లబడిన సెట్టును పొయ్యి మండుతున్న వెచ్చని ఇంట్లోకి తెచ్చి వెంటనే స్విచ్చి వేయకూడదు. చల్లని కూజా మీద చెమట పట్టినట్టే సెట్టు లోపల తడి చేరుతుంది. కనీసం గంటసేపు ఊరకే ఉంచాలి.

గతుకుల దారిలో కుదుపులకు లోపలి స్క్రూలు, టంకం అతుకులు వదులవుతాయి. వేడిని బయటకు పంపే అల్యూమినియం రెక్కలకు ట్రాన్సిస్టర్లను బిగించిన స్క్రూ వదులైతే వేడి పోదు, సెట్టు ఊరికే ఆగుతుంది. ఎర్ర దుమ్ము, పొయ్యి మసి, సాలెగూళ్లు గాలి రంధ్రాలను మూసేస్తాయి. దుమ్ము పడకుండా సెట్టు మీద గుడ్డ కప్పడం మంచి అలవాటే కాని, పాడుతున్నప్పుడు ఆ గుడ్డ తీసేయాలి. గోడ అరలో ఇరికించి పెట్టకుండా చుట్టూ జానెడు ఖాళీ వదలాలి.

పెట్టె మీద అంకెలు

కొత్త సెట్టు అట్టపెట్టె మీద 5000 వాట్లు, 10000 వాట్లు అని పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది. పక్కనే చిన్న అక్షరాలతో పి.ఎం.పి.ఒ. అని ఉంటుంది. ఆ లెక్కకు ఒక పద్ధతి లేదు. చూడవలసింది ఆర్.ఎం.ఎస్. వాట్లు. అది కూడా నమ్మబుద్ధి కాకపోతే సెట్టు వెనుక రేకు మీద కరెంటు ఎన్ని వాట్లు తీసుకుంటుందో చూడాలి. 80 వాట్లు తీసుకునే సెట్టు 1000 వాట్ల పాట ఎడతెగకుండా ఇవ్వలేదు. కుంచెడు ధాన్యం దంచితే బస్తా బియ్యం రావు కదా.

కొన్న రోజున సీరియల్ నంబరు రాసిన బిల్లు తప్పక తీసుకోవాలి. గ్యారంటీ ఉన్నంతకాలం మూత విప్పకూడదు. సీలు తెగితే గ్యారంటీ పోతుంది.

హారన్ల సెట్టు వేరు

గుడి మీద, చర్చి మీద, సభలలో హారన్లకు వాడే మైకు సెట్టు లెక్క వేరు. దాని వెనుక 4, 8, 16 ఓమ్‌ల టెర్మినళ్లతో పాటు 70 వోల్టులు, 100 వోల్టులు అని కూడా ఉంటాయి. 100 వోల్టుల టెర్మినల్ లైను ట్రాన్స్‌ఫార్మరు ఉన్న హారన్లకే. మామూలు 8 ఓమ్‌ల బాక్సును అక్కడ తగిలిస్తే సెట్టు ఆగుతుంది, లేదా బాక్సు కాలుతుంది. హారన్ల వాట్లన్నీ కూడితే సెట్టు వాట్లను మించకూడదు. 100 వాట్ల సెట్టుకు 25 వాట్ల హారన్లు నాలుగు సరిపోతాయి. ఆరు పెడితే 150 వాట్లు అవుతాయి, గట్టిగా మాట్లాడగానే గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది.

చేయకూడని పనులు

ఫ్యూజు పోయిందని దాని స్థానంలో రాగి పోగు చుట్టడం ప్రాణాంతకం. ఫ్యూజు కాలవలసిన చోట ఇల్లు కాలుతుంది. ఎన్ని ఆంపియర్లది పోయిందో అన్ని ఆంపియర్లదే వేయాలి.

'ప్రొటెక్ట్' రాకుండా చేస్తామని రిలేను తప్పించి నేరుగా తీగ కలిపే వారి మాట వినకూడదు. ఆ తరువాత ట్రాన్సిస్టరు పోయిన రోజున డి.సి. కరెంటు తిన్నగా స్పీకర్లలోకి పోయి కాయిళ్లను కాలుస్తుంది. వంద రూపాయల లోపం వేల రూపాయల నష్టంగా మారుతుంది.

ప్లగ్గు పీకినా లోపలి కెపాసిటర్లలో కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది. తెలియనివారు మూత విప్పకూడదు. వానలో, తడి నేల మీద అతుకుల వైర్లు పరచకూడదు. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచి రెండు పిన్నులుగా వాడకూడదు. పందిట్లో పిల్లలు తిరుగుతుంటారని మరచిపోకూడదు.

పెంచకుండానే వినిపించవచ్చు

చెవికి పాట రెట్టింపు గట్టిగా అనిపించాలంటే యాంప్లిఫయరు దాదాపు 10 రెట్ల శక్తి ఇవ్వాలి. అంత శక్తి సెట్టులో లేనప్పుడు మీట చివరికంటా తిప్పి లాభం లేదు. పాట బొంగురుపోవడం మొదలైందంటే అదే దాని హద్దు. అక్కడి నుంచి ఒక గీత వెనక్కు తగ్గించి ఉంచాలి. ఆరుబయట దూరం రెట్టింపు అయినప్పుడల్లా శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కనుక బాక్సులను నేల మీద కాక తల ఎత్తున, జనానికి దగ్గరగా, వారి వైపు తిప్పి పెడితే తక్కువ వాల్యూంలోనే అందరికీ వినిపిస్తుంది. సెట్టు కూడా ఆగదు.

చట్టం చెప్పేదీ తెలుసుకోవాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. కొన్ని పండుగ రోజులలో అర్ధరాత్రి వరకు ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. ఆసుపత్రులు, పాఠశాలల చుట్టూ కనీసం 100 మీటర్ల వరకు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించే అధికారం ఉంది. ఆశ్రమ పాఠశాలలలో చదువుకునే పిల్లల పరీక్షల రోజులలో ఇది మరీ ముఖ్యం.

థింసా నాట్యానికి డప్పు, తుడుము, కిరిడి, మోరి, జోడుకొమ్ములు ఉంటే చాలు. వాటికి ఓమ్‌ల లెక్క లేదు, వోల్టేజి బెంగ లేదు. యాంప్లిఫయరుతో పని పడినప్పుడు మాత్రం దాని లెక్క అది అడుగుతుంది. ఐ.టి.ఐ.లలో ఎలక్ట్రానిక్ మెకానిక్ ట్రేడు రెండేళ్ల చదువు. అది నేర్చిన గిరిజన యువకులు ఒక మల్టీమీటరు, ఒక సోల్డరింగు ఐరను పట్టుకుని వారపు సంతలో బల్ల వేసుకుంటే వారికి జీవనం దొరుకుతుంది, ఊరివారికి ఘాటు దిగే ఖర్చు తప్పుతుంది. అంతవరకు సెట్టు ఆగినప్పుడు ముందుగా చేయవలసిన పని ఒక్కటే: బాక్సులన్నీ తీసి, ఒక్కదానితో మొదలుపెట్టడం.